బకిల్ వెనక అంకె

ఏదైనా పెద్ద పనికి సిద్ధమైతే తెలుగులో "నడుం బిగించాం" అంటాం. పొలం వెళ్లే రైతు దట్టీతో నడుం బిగిస్తాడు. దట్టీ అంటే నడుముకు చుట్టుకునే గుడ్డ. సిపాయి బెల్టుతో బిగిస్తాడు. మన మారిషస్‌లో ఈ రెండు కథలూ కలిసే చోట్లు ఉన్నాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక రోజు తిరిగి రండి.

మొదట ఉత్తరాన కాప్ మలెరె. ఎర్ర కప్పు చర్చి, ఎదురుగా సముద్రంలో క్వాన్ ద మీర్ దీవి. అందరూ ఫొటోలు తీసుకునే చోటే. 1810 నవంబరు 29న బ్రిటిష్ సైన్యం ఈ తీరం దగ్గరే దిగింది. డిసెంబరు 3న ఫ్రెంచివారు లొంగిపోయారు. దిగినవారిలో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. ఆ కాలంలో మద్రాసు సైన్యంలో తెలుగువారు చాలామంది. ఉత్తర భారతంలో కుంపిణీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవారు. తొలి సిపాయిల్లో ఎందరో తెలుగు నేల నుంచి వెళ్లారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఆ సిపాయి ఛాతీ మీద రెండు తెల్ల తోలు బెల్టులు అడ్డంగా కలిసేవి. ఒకదానికి తూటాల సంచి, ఇంకోదానికి బాయ్‌నెట్ వేలాడేవి. రెండూ కలిసిన చోట ఇత్తడి బిళ్ల. బెల్టును తెల్లమట్టితో, బిళ్లను రుద్ది రుద్ది మెరిపించాలి. బిళ్ల మీద ఉండేది రెజిమెంటు గుర్తు. సిపాయి పేరు కాదు.

అక్కడి నుంచి పోర్ట్ లూయీ రండి. ఆప్రవాసీ ఘాట్‌లో 16 మెట్లు ఉన్నాయి. 1834 నుంచి కూలీలు ఇక్కడ దిగారు. కోరంగి రేవు నుంచి ఓడల్లో వచ్చినందుకు మనవాళ్లను "కొరంగీలు" అన్నారు. దిగిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. 1867 చట్టం తర్వాత, ఒప్పందం ముగిసిన పాత కూలీ కూడా ఫొటో ఉన్న టికెట్ దగ్గర పెట్టుకునే తిరగాలి. లేకపోతే పోలీసులు పట్టుకునేవారు. సిపాయి అంకెను ఛాతీ మీద మోశాడు, కూలీ జేబులో మోశాడు. సిపాయి అంకెకు జనం దారి ఇచ్చారు. కూలీ అంకెను పోలీసు ఆపి అడిగాడు.

ఘాట్ నుంచి కొద్ది దూరంలో లైన్ బ్యారక్స్. ఫ్రెంచివారి కాలంలో సైనికుల కోసం కట్టినవి. ఇప్పుడు పోలీసు కేంద్ర కార్యాలయం. బయటి నుంచి చూసినా ఆ రాతి గోడలు ఎంత పాతవో తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో మన దీవి కుర్రాళ్లు బ్రిటిష్ పయనీర్ కోర్‌లో చేరి ఈజిప్టుకూ, ఇటలీకీ వెళ్లారు. రోడ్లు వేశారు, ఓడల సరుకు దించారు. వారి టోపీ గుర్తు చూడండి: ఒక తుపాకి, ఒక పార, ఒక గునపం. కింద లాటిన్ మాటలు. శ్రమ అన్నిటినీ గెలుస్తుందని వాటి అర్థం. చెరకు తోటలో గునపం పట్టిన ముత్తాత, యూనిఫాం మీద గునపం గుర్తు పెట్టుకున్న తాత! మధ్యలో ఎన్నో ఏళ్లు లేవు.

ఆ యుద్ధంలో సైనికులు కట్టిన బెల్టు తోలుది కాదు. 1937 నమూనా మందపాటి నూలు పట్టీ, దానికి ఇత్తడి బకిల్. బయటివైపు అన్ని బెల్టులూ ఒకేలా ఉంటాయి. లోపలివైపు తిప్పండి. తయారైన ఏడాది, ప్రభుత్వ ఆస్తి అని చెప్పే బాణం గుర్తు కనిపించవచ్చు. కొందరు సైనికులు తమ నంబరు కూడా సిరాతో రాసుకునేవారు.

ఇలాంటి బెల్టు మీ అటక మీద ఉంటే పాత సామాన్లవాడికి ఇవ్వకండి. ఇత్తడి తళతళలాడాలని గట్టిగా తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. నూలు పట్టీని నీళ్లలో నానబెట్టకండి, సిరా పోతుంది. ముందు ఫొటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్లను, "నాయనమ్మా, ఇది ఎవరిది?" అని తెలుగులోనే అడగండి. చెప్పిన పేరు ఒక కాగితం మీద రాసి బెల్టుతో పాటు ఉంచండి.

మీ దగ్గర పాత కూలీ టికెట్ ఉంటే మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్లండి. వలస రికార్డులు అక్కడే ఉన్నాయి. ఆ నంబరు పక్కన మీ ముత్తాత పేరు, ఆయన వదిలి వచ్చిన ఊరి పేరు దొరకవచ్చు.