ఎవరి పనికి తగిన బండి వారికి



మన పెద్ద బండిని పోయిన నెలలో అమ్మేశాము. ఈ సంగతి కొందరికి ముందే చేరింది. కువైట్ నుంచి ఇద్దరు ఫోన్ చేసి, "అయ్యగారూ, బండి అమ్మినారంట, ఏమన్నా ఇబ్బందా? డబ్బులు పంపమంటారా?" అని అడిగారు. బద్వేలు తట్టు పల్లెల్లో పెద్దలు, "ఇంక మా ఊరికి వచ్చేది తగ్గిపోతాదా?" అన్నారు. మా పిల్లలు ఇంకొకటి అడిగారు, దాని సంగతి కింద చెప్తాము. ఇబ్బందేమీ లేదు. రావడం తగ్గదు. అయినా ఈ నిర్ణయానికి రావడానికి మాకు ఏడాది పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తే, ఇట్లాంటి సమయంలోనే ఉన్న కొన్ని కుటుంబాలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాము.

ఆ టెంపో ట్రావెలర్‌ను మేము 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. పన్నెండు సీట్లు. అప్పటికి మా ఇంట్లో మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, అవ్వ, తాత, మొత్తం ఏడుగురం. శనివారం మధ్యాహ్నం బయలుదేరితే ఆ సాయంత్రం ఒక పల్లెలో ప్రార్థన, ఆదివారం పొద్దున ఇంకో పల్లెలో ఆరాధన, మధ్యాహ్నం మరొకటి. రాత్రి ప్రార్థన ముగిసేసరికి పది దాటేది. లంకమల అడవి పక్క దారిలో ఆ వేళప్పుడు పిల్లలతో వెనక్కి రావడం ఎందుకని బండిలోనే పండుకునేవాళ్లం. సీట్లు తీయలేదు. బండి రూపం మార్చాలంటే ఆర్టీవో ఆఫీసు అనుమతి కావాలి కదా. అందుకని వడ్రంగితో మూడు చెక్కబల్లలు చేయించి, రెండు వైపుల సీట్ల మీదుగా అడ్డంగా వేసి, పైన బొంతలు పరిచేవాళ్లం. పిల్లలు బల్లల మీద, అవ్వ తాత వెనక పొడుగు సీటు మీద. ఎండాకాలంలో బండి రేకు చల్లారేసరికి నడిరేయి అయ్యేది. ఆ రోజుల్లో అందరం కిందనే చాపలు.

పైన క్యారియర్‌లో షామియానా, మైకు పెట్టె, రెండు గుండిగలు. లోపల చిన్న గ్యాస్ స్టవ్వు, నీళ్ల క్యాను. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి ఉంటే చాలు, ఆ పూట గడిచిపోయేది. క్రిస్మస్ పనులన్నీ అయిపోయాక జనవరిలో ఒక్కసారి గండికోట పోయేవాళ్లం. జమ్మలమడుగు దాటి కోట బయట బండి నిలిపి, తెల్లవారుజామున పెన్నా లోయ మీదికి వెలుగు రావడం చూసేవాళ్లం. మా పిల్లలకు సెలవంటే అదే.

ఆ బండి మా ఇంటిది మాత్రమే కాదు, మీ అందరిదీ. పెండ్లికి మీ ఆడబిడ్డలను తీసుకుపోయింది. కడప పెద్దాసుపత్రికి ఎందరినో చేర్చింది. మన సంఘంలో ఒక బిడ్డ సిద్ధవటం దాటక ముందే ఆ బండిలోనే పుట్టింది. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005లోనే మొదలైనా, అడవి అంచు పల్లెల్లో ఫోన్ సిగ్నల్ దొరక్క ముందు బండి ఎవరి దగ్గర ఉంటే వాళ్ల తలుపే తట్టాలి. ఆ తట్టుడు మాకు అలవాటు. అందుకే దాన్ని అమ్ముతామంటే పెద్దలు దిగులుపడడంలో న్యాయం ఉంది.

అయితే ఈ పదేళ్లలో ఇల్లు మారింది. తాత ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. పెద్దమ్మాయి నర్సు, పెండ్లయి బెంగళూరులో ఉంది. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. చిన్నది తిరుపతిలో చదువుతోంది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, అవ్వ. అవ్వకు ఎనభై దాటాయి, మోకాళ్లు వంగవు. ఆ బండి మెట్టు ఎత్తు. కింద ప్లాస్టిక్ స్టూలు వేసి, ఒకరు పైనుంచి చేయి పట్టుకుని, ఇంకొకరు కింది నుంచి ఎత్తితే గాని ఎక్కలేదు. రెండేళ్ల కిందట వానాకాలంలో ఆ మెట్టు మీదనే కాలు జారి వారం రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత శనివారం వచ్చిందంటే "నేను రాను లేమ్మా, మీరు పోయి రాండి" అనేది. ఒంటరిగా ఎట్లా విడిచిపెడతాము? ఒకరం ఇంటి దగ్గర ఆగి, ఒకరం పోవడం మొదలయింది. ఇరవై ఏళ్లకు పైగా కలిసి చేసిన పరిచర్యను విడివిడిగా చేయవలసి వచ్చింది. పన్నెండు సీట్ల బండిలో ఒక్క మనిషి.

అప్పుడొక నోటుపుస్తకం పెట్టాము. బండి కదిలిన ప్రతిసారీ ఎందరు ఎక్కారు, ఎందుకు పోయింది, ఎంత డీజిల్ పట్టింది, అన్నీ ఆరు నెలలు రాశాము. సీట్లన్నీ నిండింది మూడే రోజులు: ఒక పెండ్లి, ఒక సమాధి కార్యక్రమం, క్రిస్మస్. మిగతా రోజులన్నీ ఇద్దరు, ఒకరు, లేకుంటే ఎవరూ లేరు. నిలబడి నిలబడి బ్యాటరీ రెండుసార్లు చచ్చిపోయింది. సొంత బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. అది అయిపోతే మళ్లీ అయిదేళ్లకు పొడిగించుకోవాలి. ఆ గడువు కూడా దగ్గరపడింది.

లెక్క తేలినా మనసు ఒప్పుకోలేదు. పెద్దమ్మాయి ఫోన్లో, "అది అమ్మేస్తే రేపు మేమంతా వస్తే యాడ పండుకోవల్ల నాయనా?" అని అడిగింది. జవాబు చెప్పడం కష్టమయింది. గడిచిన నాలుగేళ్లలో ముగ్గురు పిల్లలూ కలిసి ఆ బండిలో పండుకున్నది ఒక్క రాత్రి. వాళ్లను తప్పు పట్టడం లేదు. సెలవులు కలవవు, అల్లుడి పని వేరు, చిన్నదానికి పరీక్షలు. కానీ ఆ బల్లలు తుడిచి, బొంతలు ఎండకేసి, మళ్లీ మడిచి పెట్టిన ప్రతిసారీ ఈ సంక్రాంతికి వస్తారేమోననే ఆశ మాలో ఉండింది. బండి అమ్మడమంటే ఆ ఆశ గురించి ఇంట్లో బయటికి మాట్లాడుకోవడమే. మేమిద్దరం మాట్లాడుకున్నాము. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

మన సీమకు కదిలే కాపురం కొత్త కాదు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేశాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఊరూరా గుడారాలు వేసుకుని రైతుల శిస్తు లెక్కలు తేల్చాడు. తర్వాత మద్రాసు గవర్నరై, ఈ సీమలోనే పర్యటిస్తూ 1827 జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ఆఫీసరు ఊళ్ల మీద పోతే "దొర క్యాంపు పోయినాడు" అనే మాట మన నోళ్లలో ఇంకా ఉంది. ఆయనకు కచేరీ అంతా పట్టే గుడారాలు కావాలి. గొర్రెలు తోలుకుని నెలల తరబడి పోయే మన కాపరికి ఒక గొంగడి చాలు. ఎంత నీడ కావాలనేది మనిషి గొప్పతనాన్ని బట్టి ఉండదు. చేతిలో ఉన్న పనిని బట్టి, వెంట ఉన్నవాళ్లను బట్టి ఉంటుంది.

ఇదే సంగతి సంఖ్యాకాండము ఏడవ అధ్యాయంలో ఉంది. కానుకల పట్టిక పొడుగ్గా ఉంటుందని మనలో చాలామంది దాటేసే అధ్యాయం అది. ప్రత్యక్ష గుడారము నిలబెట్టిన తర్వాత ఇశ్రాయేలు ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు తెచ్చారు. మోషే వాటిని లేవీయుల మూడు వంశాలకు సమానంగా పంచలేదు. తెరలు, కప్పులు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు ఇచ్చాడు. పలకలు, స్తంభాలు, దిమ్మల వంటి బరువులు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇచ్చాడు. కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. మందసము, బల్ల, దీపవృక్షము వాళ్ల వంతు. వాటిని భుజాల మీదనే మోయాలి. ఎవరి సేవకు తగినట్టు వారికి అని అక్కడ స్పష్టంగా ఉంది. నాలుగు బండ్లు వచ్చినవాళ్లు గొప్పవాళ్లు కారు, బండి రానివాళ్లు తక్కువవాళ్లు కారు.

ఆ అధ్యాయం చదివిన రోజు మా ఇద్దరికీ అవ్వే గుర్తొచ్చింది. పిల్లలున్న రోజుల్లో మాది మెరారీయుల పని: సామాను, బరువు, జనం. అప్పుడు పెద్ద బండి కావాలి, దేవుడు ఇచ్చాడు. ఇప్పుడు మా వంతుకు వచ్చింది చేతులతో ఎత్తి దించవలసిన ప్రాణం. దానికి కావలసింది తక్కువ ఎత్తు మెట్టు, మా రెండు భుజాలు.

తర్వాత పెద్దమ్మాయికి ఫోన్ చేసి నోటుపుస్తకంలో ఉన్నదంతా చదివి వినిపించాము. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అవ్వ ఎక్కగలిగే బండే చూడండి నాయనా. మేమొస్తే ఇంట్లోనే పండుకుంటాం" అంది. అంతటితో మాకు దారి కనబడింది.

బండిని కొన్నది ఆదోని తట్టు ఒక ఉమ్మడి కుటుంబం. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, ముసలివాళ్లు కలిసి పద్నాలుగు మంది. తీసుకుపోవడానికి వచ్చిన రోజు పిల్లలు సీట్ల కోసం కొట్లాడుకుంటుంటే మాకు సంతోషమే కలిగింది. సామాను కూడా పంచేశాము. షామియానా, గుండిగలు సంఘానికి. బల్లలు ఆదివారపు బడికి, ఇప్పుడు పిల్లలు వాటి మీద కూర్చుని వాక్యం నేర్చుకుంటున్నారు. పెద్ద టార్పాలిన్ పట్టా గుంటూరు తట్టు మిరపకోతకు పోయే ఒక కుటుంబానికి ఇచ్చాము.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కోసిగి, కౌతాళం వైపు నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు ఇండ్లకు తాళాలు వేసి, పిల్లలను బడి మాన్పించి, మిరప చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని నెలల తరబడి కాపురం చేస్తాయో మీకు తెలుసు. వాళ్లు చిన్న గుడారాన్ని ఎంచుకోలేదు. కరువు వాళ్లకు దాన్ని ఎంచింది. కాబట్టి "తక్కువలో బతకడం ఎంత హాయి" అని వాళ్ల ముందు మనం ప్రసంగం చేయకూడదు. ఉన్నవాళ్లు తగ్గించుకుంటే, ఆ మిగిలింది లేనివాళ్ల దగ్గరికి చేరాలి. చేరకపోతే తగ్గించుకున్నందువల్ల మనకు సౌకర్యం పెరిగింది, అంతే.

ఇప్పుడు మా దగ్గర ఉన్నది అయిదు సీట్ల మారుతి ఈకో, అదీ సెకండ్ హ్యాండే. పక్కకు జరిగే తలుపు, నేల ఎత్తు తక్కువ. అవ్వ ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంటుంది. చేయి పట్టుకుంటే చాలు. మళ్లీ ముగ్గురం కలిసి వస్తున్నాము. రాత్రి ఆగవలసి వస్తే క్యారియర్‌కు ఒక చిన్న పట్టా కట్టి, అవతలి కొసను రెండు వెదురు కర్రలకు బిగిస్తాము. దాని కింద అవ్వకు మడత మంచం, దోమతెర. మాకు చాపలు. వాన వస్తే మీలో ఎవరో ఒకరు అవ్వను ఇంట్లోకి పిలుచుకుపోతారని మాకు తెలుసు.

మేము ఎదురుచూడనిది ఒకటి జరిగింది. పెద్ద బండి ఉన్నప్పుడు ప్రార్థన అయ్యాక తలుపు మూసుకుని లోపల పండుకునేవాళ్లం. ఇప్పుడు తలుపు లేదు. పట్టా కింద అవ్వ మేలుకుని ఉంటుంది, ఊరి ఆడవాళ్లు వచ్చి మంచం పక్కన కూర్చుంటారు. ఆరాధనలో నోరు విప్పని ఒక తల్లి పోయిన శనివారం అవ్వ దగ్గర గంటసేపు తన కొడుకు తాగుడు గురించి చెప్పుకుంది. ముగ్గురం ఆమెతో కలిసి ప్రార్థించాము.

ఇకమీదట ఏర్పాట్లు ఇవి. ఆపద వస్తే ముందు 108కి చేయండి, ఆ వెంటనే మాకు చేయండి, మేము వెనకే వస్తాము. కూటములకు పదిమందికి మించి రావాలంటే రెండు రోజులు ముందు చెప్పండి, ఆటో మాట్లాడదాము. ఆ ఖర్చు సంఘం లెక్కలో రాస్తాము.

దూరాన ఉన్న బిడ్డలారా, మీ అమ్మానాన్నలు ఎద్దులు అమ్మినా, బర్రెను అమ్మినా, పెద్దిల్లు వదిలి చిన్నింటికి మారినా, వెంటనే ఎందుకని గద్దించకండి. ఇప్పుడు వాళ్లు ఏ మెట్టు ఎక్కగలరో అడగండి. పెద్దలారా, మీరు కూడా పిల్లలు వస్తారని మూసి ఉంచిన గది సంగతి వాళ్లతో దాచకుండా చెప్పండి. చెప్పుకుంటే బాధ ఉంటుంది. చెప్పుకున్న తర్వాత దారి కూడా దొరుకుతుంది.

ఎవరి సేవకు తగినది వారికి అనుగ్రహించే దేవుడు మీ ఇండ్లలో పెరిగేవారికి చోటును, ఒదిగేవారికి నెమ్మదిని, మోసేవారికి భుజబలమును దయచేయును గాక. ఆమేన్.