విరిగిన కంటె

అరకులోయలో సంతనాడు కొండపల్లెలనుండి దిగివచ్చు స్త్రీలను చూచినచో వారి సొమ్ములే ముందుగా కంటబడును. మెడలో కంటె, ముంజేతులకు కడియములు, ముక్కుపుటములకు కమ్ములు, నడుమ బులాకి. నగయనగా బంగారమే యని తలచువారికి ఇది వింతగా తోచవచ్చును. ఈ కొండలలో పూర్వమునుండియు వెండికిని, ఇత్తడికిని మన్నన యెక్కువ. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథములో గదబ స్త్రీల చెవిపోగుల వర్ణన కలదు. ఇత్తడి తీగను చుట్టలు చుట్టలుగా మలచిన ఆ పోగులు భుజములను తాకుచుండెడివట!

అట్టి తీగ తీయుటయే ఒక విద్య. లోహపు కడ్డీని కమ్మచ్చు బెజ్జములలో పెద్దదానినుండి చిన్నదానికి వరుసగా లాగవలెను. లాగినకొలది లోహము బిరుసెక్కును. నడుమ నడుమ కాల్చి మెత్తబరుపకున్న తెగిపోవును.

అయినను నగ చేయుటకన్న అతుకుట కష్టము. పాత నగలో ఏమేమి కలిసియున్నవో ఎవ్వరెరుగుదురు? శుద్ధమైన వెండి 961 డిగ్రీల సెంటిగ్రేడున కరగును. రాగి కలిసినచో అంతకు ముందే కరగును. అతుకునకు వాడు టంకము నగకన్న ముందు కరగవలెను. లేనిచో అమ్మమ్మనాటి కంటె కుంపటిలో ముద్దయగును. కంసాలి వెలిగారము పూసి, ఊదుగొట్టముతో మంటను అతుకుపైకి మరల్చి, లోహపు రంగునే కనిపెట్టుచుండును. ఎండలో ఆ రంగు తెలియదు. అందుకే అతని కుంపటి ఎప్పుడును నీడపట్టున నుండును. పిమ్మట చింతపండు పులుసులో ఉడికించి మసి వదల్చును.

ఇంతటి పనికి దక్కు కూలి స్వల్పము. యంత్రముపై అచ్చువేసిన చవుక నగ విరిగినచో పారవేయుటే. పాత వెండి తూకమునకు పోవును. మైదానమున 1963లో 14 కారట్లకు మించిన బంగారు నగల తయారీని నిషేధింపగా ఎందరో స్వర్ణకారులు కులవృత్తిని వీడిరి. 1990లో బంగారు నియంత్రణ చట్టము రద్దయినను, ఆ కుంపట్లన్నియు మరల వెలుగలేదు.

అరకులోని ఆదివాసి ప్రదర్శనశాలలో నగలు భద్రముగా నున్నవి. మంచిదే. కాని ధింసా ఆడు స్త్రీ మెడలోని కంటె అరుగును, వంగును, ఒకనాడు విరుగును. అప్పుడామె దానిని కొంగున ముడివైచుకొని సంతకు వచ్చును. ఒకచోట త్రాసు, మరియొకచోట కుంపటి.

“తాతా, ఇది అతుకుతాదా?”

ముసలి కంసాలి దానిని త్రిప్పి త్రిప్పి చూచును. ఒకచోట వ్రేలు నిలుపును. “ఇక్కడ ఇదివరకే ఎవరో అతికారమ్మా. మంచి చెయ్యి. కూర్చో, బొగ్గులు రాజుకోనీ.”