చెప్పి వచ్చే దొంగ

దొంగని మెచ్చుకోవడం సంసారపక్షంగా బతికేవాడు చెయ్యవలసిన పని కాదని నాకూ తెలుసు. అందులోనూ ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ డబ్బు లెక్కపెట్టి జీతం తీసుకుంటూన్న నాబోటి గుమాస్తా అసలే చెయ్యకూడదు. అయినా కిందటి వేసవి సెలవుల నుంచీ మా ఇంట్లో జరుగుతూన్న పని అదే.

దీనికంతకీ మా అమ్మాయి కారణం. తొమ్మిదో తరగతి చదువుతోంది. మూడు తరాలుగా బరంపురంలో ఉంటున్నవాళ్ళం కనుక ఇంట్లో తెలుగూ, వీధిలో ఒరియా దానికి చిన్నప్పుడే పట్టుబడ్డాయి. ఇప్పుడు "కైతో" అనే జపాను మాట కూడా నేర్చింది. అంటే మాయదొంగట. రాత్రి భోజనాలయ్యేక ఫోను నీళ్ళచెంబుకి ఆనించి జపాను బొమ్మల కథ ఒకటి పెడుతుంది. మాటలు జపానువి, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. నా మెట్రిక్యులేషను ఇంగ్లీషుతో నేను ఒక వాక్యం కూడబలుక్కునేసరికి మరి రెండు వాక్యాలు పరుగెత్తిపోతాయి. పోయినవి అది చెబుతూంటుంది.

కథ పేరు "డిటెక్టివ్ కోనన్". గోషో అయోయామా అనే ఆయన 1994లో బొమ్మల కథగా మొదలుపెట్టేరు. 1996 నుంచి టెలివిజనులో కూడా వస్తోంది. షినిచీ అనే పదిహేడేళ్ళ అపరాధ పరిశోధకుడికి దుర్మార్గులు విషం మింగిస్తే, చావకుండా చిన్న కుర్రవాడైపోతాడు. ఆ రూపంలో పెట్టుకున్న పేరు ఎదొగావా కోనన్. షెర్లాక్ హోమ్సు కథలు రాసిన కోనన్ డాయిల్ నుంచి సగం, జపాను డిటెక్టివు కథలకు పెద్దదిక్కయిన ఎదొగావా రంపో నుంచి సగం తీసుకున్నాడన్నమాట. మా నాన్న ట్రంకుపెట్టెలో దాచిన కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు దొంగతనంగా చదివిన నాకు ఇదంతా తెలిసిన వీధిలాగే ఉంది.

కాని నేను చెప్పదలచుకున్నది కోనన్‌ని గురించి కాదు. అతనికి అప్పుడప్పుడు ఎదురుపడే కిడ్ అనే దొంగని గురించి.

తెల్లటి సూటు, తెల్లటి పొడుగు టోపీ, కుడికంటికి ఒంటి అద్దం, వీపున తెల్లటి ఉత్తరీయంలాంటిది. మేడమీంచి దూకేటప్పుడు ఆ ఉత్తరీయమే రెక్కలైపోతుంది. మొదటిరోజున మా అమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటూ చూసింది.

"దొంగతనానికి తెల్లబట్టలేమిటే? చీకట్లో కనిపించిపోడూ?" అంది.

"కనిపించాలనే నాయనమ్మా" అంది మనవరాలు.

మా అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే వాడు దొంగ కాదు, నాటకాలవాడు" అని తేల్చేసింది.

ఆవిడ అన్నది నిజానికి చాలా దగ్గర. కిడ్ అసలు పేరు కైతో కురోబా. హైస్కూలు కుర్రవాడు. తండ్రి పేరుమోసిన ఇంద్రజాలికుడు. ఎనిమిదేళ్ళ కిందట ప్రదర్శనలో ప్రమాదం జరిగి పోయేడని అందరూ అనుకుంటారు. ఒకరోజున ఇంట్లో తండ్రి పటం వెనక రహస్యపు గది బయటపడుతుంది. అందులో ఈ తెల్లబట్టలు. మొదటి కిడ్ తన తండ్రేననీ, ఆ ప్రమాదం ప్రమాదం కాదనీ తెలుసుకుని, కుర్రవాడు ఆ వేషం తాను తొడుక్కుంటాడు. తండ్రికి కీడు తలపెట్టినవాళ్ళు "పండోరా" అనే మణికోసం వెతుకుతూంటారు. వాళ్ళకంటె ముందు అది తన చేతికి చిక్కాలి, చిక్కితే పగలగొట్టాలి. అందుకని ఎత్తుకొచ్చిన రత్నాన్ని వెన్నెల్లో పట్టి చూస్తాడు. లోపల ఎర్రగా మెరిస్తే అదే. మెరవకపోతే సొంతదారుకి తిరిగి చేరుస్తాడు. తమాషా ఏమిటంటే కిడ్ కోనన్‌కంటె ముందు పుట్టినవాడు. అయోయామాగారు 1987లోనే అతని కథ వేరే మొదలుపెట్టి, తరవాత ఇందులోకి తెచ్చేరు. టెలివిజనులో షినిచీకీ కిడ్‌కీ గొంతు ఇచ్చినది ఒకే నటుడు, కప్పేయి యమాగుచి. దొంగా పోలీసూ ఒక్క గొంతుతో మాట్లాడుకుంటారు.

కిడ్ అనే పేరు వచ్చిన వైనం గుమాస్తాగా నాకు భలే నచ్చింది. అతగాడి నేరస్థుల నంబరు 1412. ఎవరో దాన్ని గిలికిపెడితే, షినిచీ తండ్రి (ఆయన నవలలు రాస్తాడు) ఆ అంకెల్ని ఇంగ్లీషు అక్షరాలనుకుని "కిడ్" అని చదివేడట. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకి దస్తూరీ గురించి చెప్పవలసివస్తే ఇప్పుడు ఈ కథే చెబుతున్నాను. ఇంకొకటి, ఇంత ధైర్యశాలీ చేపని చూస్తే హడలిపోతాడు. ఒరియా దేశంలో పుట్టి పెరిగిన మా ఆవిడ ఇది విని చాలాసేపు నవ్వింది.

పెద్దమనిషి దొంగలు లోకానికి కొత్త కాదు. కోనన్ డాయిల్‌కి చెల్లెలి భర్త అయిన హార్నంగ్ 1899లో రాఫిల్స్ అనే దొరదొంగ కథలు పుస్తకంగా వేసేడు. బావగారు డిటెక్టివునీ, మరదిగారు దొంగనీ పంచుకున్నారు! 1905లో ఫ్రాన్సులో మారిస్ లెబ్లాంక్ ఆర్సెన్ లుపిన్‌ని తెచ్చేడు. మన మృచ్ఛకటికంలో శర్విలకుడు వీళ్ళందరికీ తాత. జందెంతో గోడ కొలుచుకుని మరీ కన్నం వేస్తాడు. ప్రేమించిన దాసిని విడిపించుకోడానికి ఎత్తుకుపోయిన నగలు ఆఖరికి సొంతదారు వసంతసేన దగ్గరికే చేరతాయి.

అయితే శర్విలకుడు చెప్పి రాలేదు. తెల్లవారేక చారుదత్తుడు పడ్డ బాధ నగలు పోయినందుకు కాదు. పేదవాడినైపోయేను, నేనే కాజేసేనంటారు కాబోలు, అని.

కిడ్ సంగతి అలా కాదు. ఏ రత్నం, ఏ రాత్రి తీసుకుంటాడో పొడుపుకథలాగ కార్డు మీద రాసి ముందే పంపిస్తాడు. సుజుకీ జిరోకిచి అనే ముసలి ధనవంతుడైతే తానే పత్రికలో ప్రకటన వేసి, "వచ్చి పట్టుకుపో, చూస్తాను" అని సవాలు చేస్తాడు. వీధినిండా జనం తిరనాళ్ళకి వచ్చినట్టు వస్తారు. కిడ్ ఎవరి వేషమైనా వెయ్యగలడు కనుక ఇన్‌స్పెక్టరు నకామొరీ ముందుగా అందరి బుగ్గలూ లాగి చూస్తాడు. తన కానిస్టేబుళ్ళవీ, పెద్దమనుషులవీ కూడా. ఆ ఇన్‌స్పెక్టరు కూతురే కైతోకి చిన్ననాటి నేస్తం. తన తండ్రిని నలుగురిలో నవ్వులపాలు చేసే ఆ కిడ్ అంటే ఆ పిల్లకి ఒళ్ళుమంట. పక్క బెంచీలోనే ఉన్నాడని ఎరగదు.

ఒకనాడు నేను, "దొంగతనం చేసేవాడికి ముందు ఉత్తరమెందుకే, పొగరు కాకపోతే?" అన్నాను. అమ్మాయి ఫోను మీంచి తల ఎత్తకుండానే, "ఎవరు తీసేరో అందరికీ తెలుస్తుంది కదా నాన్నా. పనివాళ్ళని అనుమానించరు" అంది.

నేను మరి మాట్లాడలేదు.

పదిహేనేళ్ళ కిందట నేను ఇంకొకచోట, ఒక కొట్లో పద్దులు రాసేవాణ్ణి. ఒక శనివారం సాయంత్రం పెట్టెలో నాలుగువేల రెండువందలు తక్కువ వచ్చింది. పెట్టె తాళం నా దగ్గర, కొట్టు తాళం ప్యూను దగ్గర. ఒరియా మనిషి, యాభై దాటినవాడు, నాకంటె ఎంతో పెద్ద. అయినా నన్ను "బాబూ" అనేవాడు. నా జేబులూ సంచీ చూసేరు. అతని చేత పంచె కూడా విప్పించేరు. మిగతావాళ్ళ బుగ్గలు ఎవరూ లాగలేదు. సోమవారానికి అనుమానం నా మీంచి జారి అతని మీద నిలిచింది. ఎందుకు నిలిచిందో నాకు తెలుసు. నాది సంతకం, అతనిది వేలిముద్ర. అలాంటివాడు కాదని నేను ఒక్కమాట అనవచ్చును. అనలేదు. అప్పటికి మా ఆవిడ కడుపుతో ఉంది, ఉద్యోగం పోతే ఎలాగ అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది.

అతన్ని పనిలోంచి తీసేసేరు. రెండు నెలలకి పాత చిట్టా సరిచూస్తూంటే, రొక్కంగా ఇచ్చిన ఒక చెల్లింపు పద్దు ఎక్కకుండా పోయినట్టు తేలింది. దొంగే లేడు! యజమానికి చూపించేను. "సరే, దిద్దెయ్యి" అన్నారు. దిద్దేను. అతన్ని వాళ్ళు పిలవనూ లేదు, పిలవండని నేను అడగనూ లేదు.

2019లో వచ్చిన కిడ్ సినిమా ఒకటి ఉంది. కథ సింగపూరులో. ఒక హత్య జరిగినచోట నెత్తురంటిన కిడ్ కార్డు దొరుకుతుంది. చెయ్యని హత్య తన మీద పడిందని ఆ దొంగ తన శత్రువైన కోనన్‌నే సముద్రాలు దాటించి తెచ్చుకుంటాడు, నిజం తేల్చమని. అది చూస్తూంటే నాకు మధ్యలో లేచిపోవాలనిపించింది. అమ్మాయి "కూర్చో నాన్నా, అసలు కథ ఇప్పుడే" అంది.

ఆ ప్యూను స్టేషను దారిలో టీ బండి పెట్టుకున్నాడని చాలాకాలం కిందటే విన్నాను. అప్పట్నుంచి స్టేషనుకి వెళ్ళవలసివస్తే వెనక వీధిమీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం అలవాటైపోయింది. కిందటి ఆదివారం విశాఖపట్నం నుంచి మా బావమరిది వస్తున్నాడని బయల్దేరితే, అమ్మాయి స్కూటరు వెనక ఎక్కింది. మలుపు దగ్గర, "ఇటెందుకు నాన్నా, తిన్నగా పోదాం" అంది.

తిన్నగానే పోనిచ్చేను. బండి దగ్గర ఒక కుర్రవాడు గ్లాసులు కడుగుతున్నాడు. రెండు టీలు చెప్పి, మీ నాన్న ఏడీ అని అడిగేను.

"ఒంట్లో బాగులేదండీ, సాయంత్రాలే వస్తున్నాడు. ఎవరొచ్చేరని చెప్పను?"

జేబులో కాగితం తీసి ఒరియాలో నా పేరూ, ఆ కొట్టు పేరూ రాసేను. మంగళవారం సాయంత్రం ఆరు గంటలకి వస్తానని దానికింద రాసి, నాన్నకి చదివి వినిపించమని కుర్రవాడి చేతికిచ్చేను.