చేవ తేలిన కొయ్య

తెలుగులో 'చేవ' అన్న మాటకు రెండర్థాలు. మాను నడిమి గట్టి భాగం మొదటిది. సత్తువ, సామర్థ్యం అన్నది దానినుండి పుట్టిన రెండవది. ఎవరినైనా 'చేవలేనివాడు' అని నిందించినపుడు మనం తెలిసో తెలియకో వడ్రంగి మాటనే వాడుతున్నాము. దీనికి 'చేగ' అన్న రూపాంతరం కూడా కలదు. మూడు భాషలు కలిసే కుప్పం పొలిమేరలో తమిళులు దీనినే 'సేగు' అంటారు, కన్నడిగులు 'చేగు' అంటారు. రాష్ట్రాల సరిహద్దులు మారినా మాను నడిమి మాట మారలేదు.

చేవగల కొయ్య అంతా ఒక్కతీరుగా ఉండదు. నార తిన్నగా సాగిన కొయ్య పనికి సులువు, చూపుకు సాదా. కొన్ని మానులలో నార అలలుగా సాగుతుంది. మరికొన్నింటిలో కొంతకాలం ఒక పక్కకు, తరువాత కొంతకాలం రెండవ పక్కకు మెలి తిరుగుతూ పెరుగుతుంది. కొమ్మ చీలిన పంగ దగ్గర, బుడిపె కట్టిన చోట సుడులు తిరుగుతుంది. అటువంటి కొయ్యను కోసి నునుపు చేసినపుడు కొన్ని పోగులు పడుకొని వెలుగును తిప్పికొడతాయి. కొన్ని మొన తేలి వెలుగును మింగుతాయి. మనం పక్కకు జరిగితే మెరుపు కూడా జరుగుతుంది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గాలమీద నేసిన పట్టుచీర మడత తిప్పితే రంగు మారినట్లే ఇదీను.

పుంగనూరులోని మా పెద్దల ఇంటినుండి నాకు దక్కినది ఏటవాలు మూతగల ఒక రాతపెట్టె. దానిమీద ఏనాటివో మూడు పూతల ఎనామిలు రంగు. అది ఏ కొయ్యో ఇంటిలో ఎవరికీ తెలియదు. పాత సామాను కొనే వ్యాపారి తూకానికి అడిగినాడు. మరొక దుకాణదారు పైన సన్‌మైకా అంటిస్తే కొత్తదైపోతుందన్నాడు. చివరకు కుప్పం వైపునుండి వచ్చి మదనపల్లెలో పని చేసుకుంటున్న ఒక ఆచారికి చూపినాను. ఆయన పెట్టెను బోర్లించి, అడుగున కత్తిమొనతో వేలెడంత గీకి, తడివేలితో తుడిచి చూచినాడు.

"వేగిస, అయ్యవారూ. సేగు బాగుండాది. దీన్ని అమ్మబాకండి."

వేగిస మన కొండలలో పెరిగే చెట్టు. దీని చేవతో గ్లాసులు చేసి, రాత్రి నీళ్లు పోసి ఉంచి, మధుమేహం ఉన్నవారు ఉదయం తాగడం చాలామంది ఎరిగినదే. వృక్షశాస్త్రం ప్రకారం ఎర్రచందనానికి ఇది సొంత తోబుట్టువు, రెండూ ఒకే ప్రజాతి. దీని నార అటూ ఇటూ మెలి తిరిగేది కనుక పలకగా కోసినపుడు వెలుగు చార, నీడ చార పక్కపక్కనే పడతాయి. అందం అందులోనే ఉన్నది, చిక్కూ అందులోనే ఉన్నది. ఒక చారకు అనుకూలంగా చిత్రిక పడితే పక్క చార పెళ్లలుగా లేచిపోతుంది.

కనుక ఆచారి చిత్రికను పక్కన పెట్టినాడు. రంగును మందు పూసి మెత్తబరచి తీసినాడే గాని పొడిగా రాచి దుమ్ము లేపలేదు. పాత ఎనామిళ్లలో సీసం ఉండేది. మన దేశంలో దానికి కఠినమైన పరిమితి అమలైనది 2017లోనే. తరువాత గాజుపెంకు అంచుతో ఉల్లిపొర వంటి పొట్టు తీస్తూ గీకినాడు. ఆపైన ఉప్పుకాగితం 120, 180, 220 వరుసలో. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే అణగిన నూగు లేస్తుంది. దానిని మళ్లీ సన్నకాగితంతో తీయాలి. ఈ పని రెండుమార్లు.

అప్పుడు పలుచగా అవిసెనూనె. నూనె పాకిన మేరకు చారలు లేచి నిలిచినాయి. మొన తేలిన పోగులు ఎక్కువ నూనె తాగి ముదురుతాయి, పడుకొన్నవి తక్కువ తాగి మెరుస్తాయి. అదే ఇందులోని రహస్యం. మిగులు నూనెను అరగంటలో తుడిచి, కొన్నాళ్లు ఆరనివ్వాలి. నూనెగుడ్డలను ఉండచుట్టి మూలన వేయరాదు. అవి తమంత తామే వేడెక్కి అంటుకొంటాయి. విడదీసి ఆరవేయాలి, లేదా నీటిలో ముంచాలి.

పైపూతకు లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్లమీద పురుగు కట్టే ఆ లక్కనే రేకులుగా చేసి, స్పిరిటులో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో పలుచగా పది పన్నెండు మార్లు రాస్తారు. వేడి గ్లాసు పెడితే తెల్లని వలయం పడుతుందన్న మాట నిజమే. భోజనపు బల్లకు నేటి పాలియురిథేన్ పూతలే మేలు. రాతపెట్టెకు లక్క చాలు. చెడినచోట మళ్లీ లక్కతోనే సరిచేయవచ్చును.

పని ముగిసినాక నేను మెచ్చుకొంటే ఆచారి, "ఈ చారలు నావి కాదు అయ్యవారూ. చెట్టు ఎప్పుడో గీసి పెట్టింది. నేను మబ్బు తీసినానంతే" అన్నాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మూలానికి ఆధారం లేనిదీ అక్కర లేనిదీ రాయనని నియమం పెట్టుకొన్నాడు. వ్యాఖ్యాత అయినా వడ్రంగి అయినా ధర్మం ఒకటే.

అయితే ఈ అందానికి మరొక ముఖం ఉన్నది. ఎర్రచందనంలో అలల చార గల దుంగకే విలువ అధికం. జపాను వారు తమ షమిసెన్ వాద్యానికి దానినే కోరుతారు. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా మన శేషాచలం, దాని పరిసరాల కొండలలోనే. 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలోకి ఎక్కినా నరకడం ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవులలో పోలీసు కాల్పులకు 20 మంది కూలీలు బలైనారు. చారల మెరుపు చూచి మురిసే నావంటివారు ఆ లెక్కను మరువరాదు. దుంగ కొన్నవాడు ఎక్కడో ఉంటాడు. గొడ్డలి పట్టినవాడు మాత్రం ఇంటికి తిరిగిపోలేదు.

అందుకే నాకు పాత సామానుమీద ఇంత పట్టుదల. ఎన్నడో కోసిన చెట్టు మన ఇళ్లలోనే ఉన్నది, రంగుల కింద. తలుపుగానో, పీటగానో, ఉయ్యాలబల్లగానో మీ ఇంటిలోనూ ఉండవచ్చు. తూకానికి వేయకమునుపు కనపడని మూలన కొంచెం గీకి, తడివేలితో తుడిచి చూడండి. చేవ ఉంటే అదే చెబుతుంది.