ఎస్ఐ పట్టిన దొంగ

5 ఆగస్టు 2024, సోమవారం

నిన్న పరిచిన కణాలు పొద్దున్నకి ప్లేట్ అడుగున సగానికి తక్కువే నిండాయి. అంతే కావాలి. యూ2ఓఎస్ కణాలివి, 1964లో పదిహేనేళ్ళ అమ్మాయి కాలి ఎముకలోని కణితి నుంచి తీసినవి. ఆ అమ్మాయి ఏమైందో తెలీదు గానీ కణాలు మాత్రం నా ఇంక్యుబేటర్‌లో రోజు రోజుకీ రెట్టింపవుతున్నాయి.

ఇవాళ నా జీన్‌కి మొదటి ఎస్ఐ ఆర్‌ఎన్‌ఏ వేశాను. (జీన్ పేరు ఇక్కడ కూడా రాయను, పేపర్ కాలేదు.) గట్టిగా 21 అక్షరాల జంట పోగు. కణంలోకి వెళ్ళాక ఒక పోగు ఊడిపోతుంది, రెండోది ఆర్గోనాట్ అనే ప్రోటీన్ చేతికి చిక్కుతుంది. దాంతో జోడీ కుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఎదురైతే అక్కడికక్కడే కత్తెర. పోగు ఇంకా పొడవుంటే కణం వైరస్ వచ్చిందనుకుని మొత్తం దుకాణం కట్టేస్తుంది. 21 అయితే ఊరుకుంటుందని టుష్ల్ బృందం 2001లో చూపించింది కాబట్టే మాలాంటి వాళ్ళకి ఈ పని దొరికింది.

20 మైక్రోమోలార్ స్టాక్‌లోంచి ఒకే ఒక్క మైక్రోలీటరు. రెండు మిల్లీలీటర్ల మీడియాలో అది 10 నానోమోలార్. పైపెట్ టిప్ చివర ఆ చుక్క కనిపించనే కనిపించదు. పోశానా లేదా అన్న అనుమానంతో టిప్‌ని లైటు కేసి పెట్టి చూడటం నాకు అలవాటైపోయింది. ఆర్‌ఎన్‌ఏకి ఋణావేశం, కణం పొరకీ అదే, ఒకదాన్నొకటి రానివ్వవు. అందుకే లైపోఫెక్టమిన్ అనే కొవ్వు ముసుగు. కలిపి పదిహేను నిమిషాలు ఆగి, చుక్కలు చుక్కలుగా వేసి, ప్లేట్‌ని ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ కదిపాను. గుండ్రంగా తిప్పితే అన్నీ నడిమధ్యకి చేరతాయని ల్యాబ్‌లో సీనియర్ అక్క మొదటి రోజే చెప్పింది.

8 ఆగస్టు, గురువారం

నిన్న మైక్రోస్కోప్ కింద ముందు పీఎల్‌కే1 అనే జీన్‌కి ఎస్ఐ వేసిన గుంట చూశాను. ఆ జీన్ మూగబోతే కణం విభజన మధ్యలో ఇరుక్కుపోతుంది. అనుకున్నట్టే ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రంగా తేలుతున్నాయి. అంటే మందు లోపలికి వెళ్తోంది. ఏ జీన్‌కీ సరిపోని ఉత్తుత్తి ఎస్ఐ వేసిన గుంటలో కణాలు హాయిగా చాప పరుచుకున్నాయి.

ఆర్‌ఎన్‌ఏ కొలిచే క్యూపీసీఆర్‌లో నా జీన్ మూడు సైకిళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఒక్కో సైకిల్ సగం కింద లెక్క, అంటే ఎనిమిదో వంతే మిగిలింది. పోలిక కోసం పెట్టిన గాపిడిహెచ్ కదల్లేదు. కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తితే, "ఆర్‌ఎన్‌ఏ సరేనే, ప్రోటీన్ ఏదీ?" అంది.

నిన్నటి శాంపిల్‌ని ప్రోటీన్ కోసం బ్లాట్ చేస్తే బ్యాండ్ నల్లగా అలాగే ఉంది. జీతం ఆగినా డబ్బాలో బియ్యం ఉన్నన్నాళ్ళు పొయ్యి వెలుగుతుంది కదా. 72 గంటలకి తీసిన శాంపిల్‌తో రాత్రి మళ్ళీ నడిపాను. ఆ గడిలో మరక కూడా లేదు.

27 ఆగస్టు, మంగళవారం

ఇవాళ రాసుకోకపోతే నిద్ర పట్టదు.

కణాలు చాపలా నిండాక 200 మైక్రోలీటర్ల టిప్‌తో నిలువునా ఒక గీత గీస్తాం. అది గాయం. రెండు వైపుల నుంచీ కణాలు పాక్కుంటూ వచ్చి పూడుస్తాయి. ఉత్తుత్తి గుంటలో పద్దెనిమిది గంటలకి గీత మూసుకుపోయింది. నా గుంటలో రోడ్డులా తెరుచుకునే ఉంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే! నా జీన్ కణాలని నడిపిస్తోంది! క్యాన్సర్ కణాల నడక అంటే మాటలా. థీసిస్‌కి పేరు కూడా అనేసుకున్నాను.

గైడ్ సార్ ఫోటోలు చాలాసేపు చూసి, "బాగుంది. అదే జీన్‌ని ఇంకోచోట పట్టే రెండో ఎస్ఐతో?" అని అడిగారు. మొహం మాడింది. రెండోదానికీ మూడోదానికీ ఆర్డర్ పెట్టాను.

7 సెప్టెంబర్, శనివారం, చవితి

హాస్టల్లోనే పండగ. అక్క ఇంటి నుంచి పులిహోర తెచ్చింది. బాపు ఫోన్ చేసినప్పుడు ఇంకెవరితోనో "రెండో ఎస్ఐ సోమవారం వస్తది" అంటున్నానట, ఆయన కంగారు పడ్డాడు. "ఎస్ఐ ఏంది బిడ్డా, ల్యాబుల కేసైందా?"

నవ్వి చెప్పబోయాను. ముప్ఫై ఏళ్ళు మండల ఆఫీసు రికార్డు గదిలో చేసిన మనిషి కాబట్టి ఆ భాషలోనే: అసలు రిజిస్టర్ బీరువాలోనే ఉంటుంది, ముట్టుకోం. దాన్ని చూసి రాసిన నకళ్ళు బయటికి పోయే దారిలో చింపేస్తాం. పని ఆగుతుంది.

"మల్ల నకలు తీస్తరు గద?"

తీస్తారు. వారం తిరక్కుండా కణాలు పెరిగి, ఎస్ఐ పంచుకుని పంచుకుని పలచబడి, ప్రోటీన్ మళ్ళీ వస్తుంది. ఈ ఒక్క ప్రశ్న వైవాలో అడిగితే మా జూనియర్లు సగం మంది తడబడతారు.

"మరి ఇంకొగల నకలు చింపితె?" అన్నాడు. అలా జరగదులే బాపూ అన్నాను.

17 సెప్టెంబర్, మంగళవారం

నిమజ్జనం. బస్సుల్లేవు, నడిచే వచ్చాను. ల్యాబ్‌లో నేనూ ఫ్రిజ్ మోతా.

రెండో ఎస్ఐ: ప్రోటీన్ పూర్తిగా పోయింది, మొదటి దానికంటే శుభ్రంగా. గాయం మూసుకుపోయింది.

మూడోదీ అంతే.

లేబుళ్ళు తారుమారయ్యాయేమోనని చెత్తబుట్టలో వేసిన ట్యూబులు కూడా తీసి చూశాను. మారలేదు.

28 సెప్టెంబర్, శనివారం

చివరి ఆశ. మొదటి ఎస్ఐ గుర్తుపట్టలేని విధంగా నా జీన్‌లో కొన్ని అక్షరాలు మార్చి (ప్రోటీన్ మారదు, ఒకే అమైనో ఆమ్లానికి స్పెల్లింగులు చాలా) ఆ కణాలకే తిరిగి ఇచ్చాను. నిజంగా నా జీన్ పోవడం వల్లే నడక ఆగి ఉంటే, ఇది రాగానే నడవాలి.

ప్రోటీన్ వచ్చింది, ముందుకంటే ఎక్కువే. గాయం నోరు తెరుచుకునే ఉంది.

కణాలని ఆపింది నా జీన్ లేకపోవడం కాదు. ఎస్ఐ వన్ దారిలో ఇంకెవరినో పట్టుకుంది. సార్‌కి మెయిల్ పెట్టి, ఫోన్ ఆపేసి పడుకున్నాను.

7 అక్టోబర్, సోమవారం

మధ్యాహ్నం మూడింటికి ల్యాబంతా ఒక లాప్‌టాప్ ముందు. వైద్యంలో నోబెల్ మైక్రో ఆర్‌ఎన్‌ఏకి, ఆంబ్రోస్, రవ్‌కున్‌లకి. 1993లో మిల్లీమీటరు పొడవు పురుగులో పట్టుకున్నారు. 1998లో ఫైర్, మెల్లో జంట పోగుతో జీన్ నోరు మూయించింది కూడా ఆ పురుగులోనే. వాళ్ళకి 2006లో వచ్చింది.

అక్క నా భుజం తట్టి, "నీ దొంగకి ఇచ్చారు" అంది. నిజమే. మైక్రో ఆర్‌ఎన్‌ఏకి పోగంతా సరిపోనక్కర్లేదు, రెండో అక్షరం నుంచి ఎనిమిదో దాకా ఏడు కలిస్తే చాలు, మెసెంజర్ తోక పట్టుకుని అణిచేస్తుంది. కణానికి తన మైక్రో ఆర్‌ఎన్‌ఏకీ నేను పోసిన ఎస్ఐకీ తేడా తెలీదు. ఇరవైఒక్క అక్షరాలూ చూసుకుని మురిశాను తప్ప ఆ ఏడు అక్షరాల సంగతి పుస్తకంలో చదివీ పట్టించుకోలేదు. ఇవాళ వాటితో వెతికితే జీన్ల పట్టీ స్క్రీన్ కిందికి జరుగుతూనే ఉంది.

సాయంత్రం హాస్టల్ ముందు రేపటి బతుకమ్మకి పూలు. తంగేడు, గునుగు ఏరుతుంటే పెటూనియాలు గుర్తొచ్చాయి. ఊదా రంగు ఇంకా ముదరాలని రంగు జీన్ అదనంగా పెడితే చాలా మొక్కలు తెల్లగా పూశాయట, 1990లో. అదనంగా ఇస్తే ఉన్నదీ ఎలా పోయిందో వాళ్ళకి అంతు చిక్కలేదు. అయినా అచ్చేశారు. నా తెరుచుకున్న గీతని ఎవరు అచ్చేస్తారు? ఒక అధ్యాయంగా రాయమన్నారు సార్. ఎనిమిది పేజీలు వస్తే ఎక్కువ.

ఎస్ఐ వన్ ట్యూబ్‌లో ఇంకా నలభై మైక్రోలీటర్లుంది. పారేయలేదు. మూత మీద మార్కర్‌తో "అడగకుండా వాడొద్దు" అని రాసి, మైనస్ 80లో పెట్టె చివరి గడిలో పెట్టాను. ఇంటికి ఫోన్ చేసి, నువ్వడిగిందే జరిగింది బాపూ అంటే, "ఏమడిగిన నేను?" అన్నాడు.