రేకుల షెడ్డు పాఠం

‘వైర్‌లెస్’కు ‘నిస్తంత్రి’ అని పేరు పెట్టిన మహానుభావులెవరో గాని, ఆ మాట పలికినప్పుడల్లా నాకు తీగలు తెగిన వీణ గుర్తుకు వస్తుంది. మొన్నటి ఆషాఢంలో మా ఇంటి వైఫై పరిస్థితి అక్షరాలా అదే.

విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకు కూతవేటు దూరంలో, ఇరవై వాటాల అపార్టుమెంటులో మూడో అంతస్తు మాది. ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నరకు, అంటే టెక్సాసులో శనివారం రాత్రివేళ, తొమ్మిదేళ్ల మనుమరాలికి వీడియోలో తెలుగు చెబుతాను. అప్పుడే గురులఘువులు మొదలుపెట్టాము. రెండు మాత్రల గురువును నేను పంపితే అక్కడికి ఒక మాత్రే చేరేది. రెండోది ఏ సముద్రంలో పడిపోయేదో!

ఒకనాడు పిల్ల, “తాతయ్యా, నువ్వు బొమ్మలా ఆగిపోయావు. ఇవాళ్టికి వదిలేద్దామా?” అంది. ఆ గొంతులో నిరాశ లేదు. సెలవు దొరికిన సంతోషం ఉంది. ముప్ఫయ్యారేళ్లు బడిలో గడిపినవాణ్ణి, ఆ తేడా పోల్చుకోగలను. ఇలాగే నాలుగు వారాలు గడిస్తే ఆ నోట తెలుగు నిలవదని భయం పట్టుకుంది.

దోషం తీగలో ఉందా, గాలిలో ఉందా అని ముందు తేల్చుకోవాలన్న ఇంగితం అప్పటికి నాకు లేదు. నాలుగు కొమ్ముల కొత్త రౌటరు కొని తెచ్చాను. ఫోనులో చూస్తే ఇరుగుపొరుగుల పెట్టెలు ఇరవైమూడు మా హాలులోకి తొంగిచూస్తున్నాయి. ఒకటి ‘పైడితల్లి’, ఒకటి ‘శ్రీరామరక్ష’, మరొకటి ‘పాస్‌వర్డ్ అడగొద్దు’! 2020లో బడులు మూతపడి పాఠాలు ఇళ్లకు వచ్చిన నాటినుండి ఇంటికొక పెట్టె తప్పనిసరి అయింది మరి. వాటిలో చాలావరకు 1, 6, 11 ఛానళ్లలో కిక్కిరిసి ఉన్నాయి. మూడు ఖాళీగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి మూడులో పీట వేసుకున్నాను. ఛానల్ వెడల్పు రెట్టింపు చేశాను. శక్తిని పూర్తిగా పెంచాను. వారం తిరిగేసరికి పాఠం మరింత కుంటుపడింది.

ఆ సాయంత్రం కింది వాటా అమ్మాయి వచ్చింది. ఇంటినుండే ఏదో కంపెనీ ఉద్యోగం చేస్తోంది. “మాస్టారూ, ఏటనుకోకండి. మూడో ఛానల్లో ఉన్నది మీదేనా? వారం బట్టి నా మీటింగులన్నీ మధ్యలో తెగిపోతన్నాయి. ఉద్యోగం ఇంకా ఖాయం అవలేదండి” అంది. పిల్లకు పాఠం చెప్పబోయి మరొక పిల్ల అన్నానికి అడ్డుపడ్డానా అని మనసు చివుక్కుమంది.

ఆమె ఓపికగా చెప్పగా నాకు బోధపడినది ఇది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ, 2005లో కేంద్రప్రభుత్వం లైసెన్సు అక్కరలేకుండా జనానికి విడిచిన ఊరుమ్మడి చెరువు. అందులో ఛానళ్లకు పదమూడు అంకెలున్నా, ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడేవి మూడే: 1, 6, 11. ఒకే ఛానల్లో ఉన్న పెట్టెలు మర్యాదస్తులు. నోరు విప్పే ముందు చెవి ఒగ్గి, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగి, తమ వంతు కోసం చూస్తాయి. మూడులో కూర్చున్నవాడి మాట అటు ఒకటిలోనివారికీ ఇటు ఆరులోనివారికీ మాటగా అందదు, రొదగా పడుతుంది. వారి మాట వీడికీ అంతే. ఇక శక్తి పెంచడమంటారా, నా పెట్టె అరుపు ఫోనుకు వినబడవచ్చు; ఫోను సన్నగొంతు తిరిగి పెట్టెకు వినబడాలి గదా!

వింటూంటే 1983 కళ్లముందు నిలిచింది. టెక్కలి దగ్గర ఒక పల్లెటూరి హైస్కూలులో నా తొలి కొలువు. ఒకే రేకుల షెడ్డు, అడ్డుగోడలు లేని మూడు తరగతులు. నేను పద్యం ఎత్తుకుంటే పక్కన లెక్కల మాస్టారు గొంతు పెంచేవారు. ఆయనను మించి సాంఘికం మాస్టారు. మధ్యాహ్నానికి ముగ్గురి గొంతులూ బొంగురుపోయేవి, పిల్లలకు ఒక్క ముక్క అందేది కాదు. చివరకు ఒప్పందానికి వచ్చాము. ఒకరు పాఠం చెప్పేవేళ తక్కిన రెండు తరగతులకూ రాతపని. ఆ ఏడు ముగ్గురి పాఠాలూ పూర్తయ్యాయి. నలభై ఏళ్లనాటి ఆ పాఠాన్ని నేనే మరిచిపోయాను.

మరునాడు కంప్యూటరుకు తీగ నేరుగా తగిలించి చూశాము. లైను నిక్షేపంగా ఉంది, దోషమంతా గాలిలోనే. తరువాత ఇద్దరమూ కలిసి ఇంటింటి తలుపూ తట్టాము. పెట్టెలన్నీ 1, 6, 11లకే, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కే అనుకున్నాము. 5 గిగాహెర్ట్జ్ ఉన్నవారు ఫోన్లను అందులోకి మార్చారు. అది గోడలు దాటడంలో బలహీనం. అపార్టుమెంటులో ఆ బలహీనతే సుగుణం. కదలని టీవీలకు తీగలు వేయించుకున్నారు. నా పెట్టెను ఇనుప బీరువా చాటునుండి తప్పించి, హాలులో ఎత్తున, వంటింటి మైక్రోవేవ్ ఓవెనుకు దూరంగా పెట్టాను. ఒక చిన్న బ్యాటరీ కూడా తగిలించాను. 2014 హుద్‌హుద్ నాటి చీకట్లకు అది చాలదు గాని, రోజువారీ కరెంటు కోతలకు చాలు.

నాలుగో అంతస్తులో ఒక పెద్దమనిషి మాత్రం “నా డబ్బు, నా పెట్టె” అని తలుపు వేసుకున్నారు. ఆయన ఇప్పటికీ తొమ్మిదిలోనే ఉన్నారు. అందుచేత అంతా చక్కబడిందని చెప్పలేను.

ఆ ఆదివారం మనుమరాలు “‘పుస్తకం’లో ‘పు’ లఘువు” అంది. తప్పు. తరువాత ‘స్త’ ఉంది గనుక అది గురువు. కాని మిత్రులారా, ఆ తప్పు చెక్కుచెదరకుండా నా చెవిని పడింది! దిద్దాను. సాగదీసి మళ్లీ పలికింది. రెండు మాత్రలూ చేరాయి.

కింది వాటా అమ్మాయికి ఉద్యోగం ఖాయమైందట. నిన్న మాడుగుల హల్వా ఇచ్చి వెళ్లింది.

స్వస్తి.