తిరిగొచ్చిన ముక్కలు

మాదాపూర్, శనివారం

తమ్ముడూ,

ఫోన్లోకే క్యాటలాగులూ వీడియోలూ వస్తుంటే, ఆటోనగర్‌లో ప్లేటింగ్ షాపు మూసేసి హైటెక్స్ దాకా వచ్చి పూతపనుల ప్రదర్శన చూడటం దేనికని అడిగావు. 1998లో సైబర్ టవర్స్ లేచాక ఈ వైపంతా అద్దాల మేడలే, యాసిడ్ వాసన ఎక్కడా తగలదు. అయినా ఆ మేడల్లోని కంప్యూటర్లు మన పని మీదే నడుస్తున్నాయి. చాలా సర్క్యూట్ బోర్డుల మీద నాలుగైదు మైక్రాన్ల నికెల్, ఆ పైన మైక్రాన్‌లో ఇరవయ్యో వంతు బంగారం ఉంటుంది. పూత కుదిరితే ఎవరికీ పట్టదు, చెడితేనే దాని సంగతి బయటికొస్తుంది. ఫొటోతో పని జరగనిది అందుకే.

జింక్ వేసిన హైటెన్సైల్ బోల్టునే తీసుకో. ప్లేటింగ్‌లో లోహంలోకి దూరిన హైడ్రోజన్ పోవాలంటే, నాలుగు గంటల్లోగా ఓవెన్లో పెట్టి సుమారు 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఉంచని బోల్టూ అంతే మెరుస్తుంది, బిగించాక ఎప్పుడో పుటుక్కుమంటుంది. అప్పుడు కెమికల్ అమ్మినవాడు ఓవెన్ మీదకి, ఓవెన్ వాడు స్టీలు మీదకి, పార్టీ నీ మీదకి తోస్తారు. షాపుకి వీళ్లు విడివిడిగా వస్తారు కనక ఎవరి మాట వాళ్లకు చెల్లుతుంది. ప్రదర్శనలో ఒకే హాల్లో ఎదురెదురుగా ఉంటే అంత సులువుగా చెల్లదు. యూరప్ 2007 జూలై 1 నుంచి కార్ల తుప్పు నివారణ పూతల్లో హెక్సావలెంట్ క్రోమియం ఆపించాక, పసుపు రంగు చూసి పాసివేషన్ బాగుందనుకునే అలవాటుకీ కాలం చెల్లింది. ఇప్పుడు అడగాల్సింది ఐదు శాతం ఉప్పునీటి పొగలో, 35 డిగ్రీల దగ్గర, ఎన్ని గంటలు నిలిచిందని. పరీక్షలో తుప్పు పట్టిన పలకను కూడా చూపించమను. చూపించనివాడి స్టాలు దాటి వచ్చెయ్.

బాలానగర్, సోమవారం

స్టాళ్లలో మంచి సరుకే పెడతారు, అదంతా అమ్మకం కోసమే అంటావు. నిజమే. 1938 నుంచి నడుస్తున్న హైదరాబాద్ నుమాయిష్ ప్రదర్శన కూడా అమ్మకానికే, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. అమ్మేవాడికి అవసరం ఉంది కనకనే నీ ప్రశ్నకు నిలబడి జవాబు చెబుతాడు. రెండు రోజులు ట్యాంకులు ఆగితే నష్టం అన్నది మాత్రం గట్టి మాట. దానికి జవాబు ఈ బాలానగర్‌లో దొరుకుతుంది. ఇక్కడ విమానాల సంస్థ హెచ్.ఏ.ఎల్. ఉంది, 1968లో వచ్చిన టూల్ డిజైన్ సంస్థ సి.ఐ.టి.డి. ఉంది, వాటి చుట్టూ సందుసందునా చిన్న షాపులున్నాయి. సందేహం వస్తే నడిచి వెళ్లి అడిగేంత దూరంలో తెలిసినవాళ్లుంటారు. నీకు ఆ ఇరుగుపొరుగు లేదు. రెండు మూడు రోజుల పాటు అద్దెకు దొరికే బాలానగరే ప్రదర్శన. పార్టీ తిప్పి పంపిన ఒక్క లాటు ఖరీదు పక్కన పెట్టి లెక్క వేసుకో, ప్రయాణం ఖర్చు ఏపాటిదో తెలుస్తుంది. ఏమీ అడగకుండా సంచీ నిండా కాగితాలు పోగేసుకుని వెళ్లేవాడికి మాత్రం అది దండగే, అక్కడ నీతో వాదించను.

ఈసారి వచ్చేటప్పుడు మెరిసేవి తేకు. పార్టీ తిప్పి పంపిన ముక్కలు నాలుగు తీసుకుని, ఏ బాత్, ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు అని ఒక్కోదానికీ చీటీ కట్టి పట్టుకురా.

నీ అన్నయ్య